చిన్నపిల్లలకు అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చెప్పవచ్చునా?

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు అర్థశాస్త్రాన్ని, పౌరశాస్త్రాన్ని బోధించడం సబబేనా అనే ప్రశ్న విద్యావేత్తల సమావేశాలలో తరచు వినవస్తుంది. సబబు అనేవారి వాదమూ, కాదనేవారి వాదమూ చాలావరకు పిల్లల గ్రహణశక్తి చుట్టూనే తిరుగుతాయి. ద్రవ్యోల్బణం, శాసనసభ, సమాఖ్య వ్యవస్థ వంటి మాటలు ఆ వయస్సుకు అందవని ఒకరంటే, కథలుగా, ఆటలుగా చెబితే అందుతాయని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అయితే అసలు చిక్కు పిల్లలకు అర్థమవుతుందా అన్నచోట లేదనీ, పిల్లలకు నిజం చెప్పడానికి పెద్దలం సిద్ధంగా ఉన్నామా అన్నచోట ఉన్నదనీ కొంతకాలంగా నాకు అనిపిస్తున్నది. ఈ అనుమానం పుస్తకాలు చదివినందువల్ల కలిగింది కాదు.

2018 చలికాలంలో రాయలసీమలోని ఒక పల్లెకు మంచినీటి పథకం పనులు చూడటానికి వెళ్లాను. పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు పిల్లలతో రెండు మాటలు మాట్లాడి వెళ్లమని కోరారు. నలుగురైదుగురు తప్ప అందరూ కూలి చేసుకుని బతికేవారి పిల్లలు. నాలుగో తరగతి వారిని, అధికారులకు అలవాటైన ధోరణిలోనే, "ప్రభుత్వం ఏం చేస్తుంది?" అని అడిగాను. జవాబులు వరుసగా వచ్చాయి. బియ్యం ఇస్తుంది, పుస్తకాలు ఇస్తుంది, మధ్యాహ్నం భోజనం పెడుతుంది, అవ్వకు పింఛను ఇస్తుంది, రోడ్డు వేస్తుంది. పాఠం బాగానే వచ్చింది. నేను మెచ్చుకుని లేవబోతుండగా వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"సార్, మీకు జీతం ఎవరిస్తారు సార్?"

ఉపాధ్యాయుడు వాణ్ని కూర్చోమని సైగ చేశారు. నేను ఫరవాలేదని, ప్రభుత్వమే ఇస్తుందని చెప్పాను. ప్రభుత్వానికి డబ్బు ఎక్కడిదని వాడు మళ్లీ అడిగాడు. ప్రజలు కట్టే పన్నుల వల్ల వస్తుందన్నాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "మా నాయన ఏ పన్నూ కట్టడే సార్" అన్నాడు. ఆ మాటలో కొద్దిగా సిగ్గు ఉంది. తమ ఇల్లు తీసుకోవడమే తప్ప ఇవ్వని ఇల్లని వాడు అప్పటికే నమ్మి ఉన్నాడు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఒక సబ్బుబిళ్ల ఉంది. దాన్ని తెప్పించి ధర అడిగాను. పది రూపాయలన్నారు. అప్పట్లో ఒంటి సబ్బు మీద వస్తు సేవల పన్ను నూటికి 18 రూపాయలు. ధరలోనే పన్ను కలిసి ఉంటుంది కనుక పది రూపాయల బిళ్లలో సుమారు రూపాయిన్నర పన్నేనని నల్లబల్ల మీద లెక్క వేసి చూపించాను. (2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రేటును 5 శాతానికి తగ్గించారు. అదే ధర మీద ఇప్పుడైతే దాదాపు 48 పైసలవుతుంది. పెన్సిళ్లకు, రాతపుస్తకాలకు పన్ను పూర్తిగా తీసివేశారు.) భాగహారం అందరికీ అర్థమైందని చెప్పలేను. సబ్బు కొన్నప్పుడల్లా తమ ఇంటి డబ్బు కొంత ప్రభుత్వానికి పోతున్నదన్నది మాత్రం అర్థమైంది. ఒకమ్మాయి సబ్బుబిళ్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, పన్ను ఎక్కడైనా కనిపిస్తుందేమోనన్నట్లు. ఆ పిల్లవాడు మాత్రం ఇంకా కూర్చోలేదు.

"అట్లయితే మా బడికి గోడ ఎందుకు కట్టలేదు సార్?"

ఈసారి ఉపాధ్యాయుడు, పెద్దవారిని అట్లా అడగకూడదని మందలించారు. నేను ఏదో చెప్పి బయటపడ్డాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తుకు తెచ్చుకోవడం ఇష్టం లేదు.

తరువాత ఆలోచిస్తే ఆ పిల్లల జవాబులలోని వాక్యనిర్మాణమే నన్ను వెంటాడింది. అన్ని వాక్యాలలోనూ కర్త ప్రభుత్వం, క్రియ 'ఇచ్చు', పిల్లవాడు సంప్రదానం. వాడు ఏ ఒక్క వాక్యంలోనూ కర్త కాడు. ఆ బియ్యం, ఆ పుస్తకాలు, ఆ భోజనం నిజంగానే అందుతున్నాయి, అందాలి కూడా. అందులో అబద్ధం లేదు. కాని సగం వాక్యాన్ని మాత్రమే నేర్పి రెండో సగాన్ని దాచడం కూడా ఒక రకమైన అసత్యమే అవుతుంది. పౌరశాస్త్రాన్ని కృతజ్ఞతాపాఠంగా, అర్థశాస్త్రాన్ని పొదుపుపాఠంగా విడివిడిగా చెప్పినంతకాలం, ఈ రెండూ కలిసే చోట పుట్టవలసిన 'ఎందుకు' అనే ప్రశ్న పుట్టదు. పుట్టనివ్వకపోవడం మనకు సౌకర్యంగా ఉంటుంది కూడా.

ఈ విభజన ఎప్పుడు జరిగింది? చరిత్ర చదువుకున్నవాడిని కనుక ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్లడం క్షంతవ్యమనుకుంటాను.

నేను చెప్పిన పల్లె 200 ఏళ్ల క్రితం బళ్లారి జిల్లాలో భాగం. నేటి అనంతపురం ప్రాంతమంతా 1882 వరకు ఆ జిల్లాలోనే ఉండేది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాష్ట్రంలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో విపులమైన నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును ఇంగ్లీషులో రచించిన క్యాంప్‌బెల్ ఈయనే. సుమారు 9 లక్షల 28 వేల జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని, వాటిలో 226 తెలుగు బడులని లెక్క చెప్పాడు. ఆడపిల్లలు ఆ లెక్కలో నామమాత్రమే. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, లెక్కలు, ఉత్తరాలు రాయడం నేర్చేవారు, పద్యాలను వల్లె వేసేవారు. ఆ పద్యాల అర్థం వారికి చిలుకకు తెలిసినంత మాత్రమే తెలుసునని క్యాంప్‌బెల్ పెదవి విరిచాడు. ఆ విమర్శ అన్యాయమేమీ కాదు. అయితే లెక్కల విషయంలో వీధిబడి చిలుకపలుకుల బడి కాదు. వీసం, పరక, అణా, మానిక, తూము ఇవన్నీ పిల్లవాడికి మర్నాడే అంగట్లోనో కళ్లంలోనో అవసరమయ్యేవి. ఆ బడి పిల్లవాణ్ని పౌరుడిగా తయారుచేయలేదు. ఎవరి బిడ్డకు ఏ లెక్క అవసరమో కులమే నిర్ణయించింది. కాని డబ్బు సంగతి పిల్లవాడికి చెప్పకూడని రహస్యంగా దాచిపెట్టలేదు.

ఆ నివేదికలో నేటి అధికారులు చదవవలసిన మరో అంశం ఉంది. బడులు తగ్గిపోవడానికి కారణం ప్రజల పేదరికమని క్యాంప్‌బెల్ తన పై అధికారులకు రాశాడు. ఇంగ్లండు బట్టలు దిగుమతి అయినందువల్ల నేతపనివారి జీవనం దెబ్బతిన్నదని, దేశీయ ప్రభువుల కాలంలో ఊళ్లోనే ఖర్చయ్యే ధనం ఇప్పుడు తరలిపోతున్నదని, ఉన్న 533 బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ సహాయం లేకపోవడం తనకు సిగ్గుగా ఉన్నదని రాశాడు. ఒక కలెక్టరు తన సొంత ప్రభుత్వం గురించి, బడికీ బతుకుకూ ఉన్న ముడిని ఇంత సూటిగా చెప్పడం ఆనాడూ అరుదు, ఈనాడూ అరుదు.

ఆ తరువాత 74 ఏళ్లకు, అంటే 1897లో, మరొక తెల్లదొర భారతీయ బాలుర కోసం పౌరశాస్త్ర పుస్తకం రాశాడు. బొంబాయి రాష్ట్రంలో పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారి విలియం లీ-వార్నర్ రచించిన 'ద సిటిజన్ ఆఫ్ ఇండియా' అది. గ్రామం, జిల్లా, రాష్ట్రం, దేశం అనే క్రమంలో పాలనావ్యవస్థను వివరిస్తూ, బ్రిటిషు పాలన వల్ల ప్రజలకు ఒనగూడిన మేలును పిల్లల మనస్సుకు పట్టించడం దాని ఉద్దేశం. పుస్తకాన్ని తేలికగా తీసిపారేయడానికి లేదు. సమాచారం ఉంది, భాష శుభ్రంగా ఉంది. లేనిదల్లా క్యాంప్‌బెల్ పడిన సిగ్గు.

ఆ పుస్తకం చదివిన పిల్లవాడు మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తిన్న అన్నంలోని ఉప్పు మీద అప్పట్లో మణుగుకు రెండున్నర రూపాయల పన్ను ఉండేది. 1888లో రెండు రూపాయల నుంచి అంతకు పెంచారు, 1903 వరకు తగ్గించలేదు. భూమి లేనివాడు శిస్తు కట్టడు, ఆదాయం లేనివాడు ఆదాయపు పన్ను కట్టడు, ఉప్పు తిననివాడు మాత్రం ఉండడు. ప్రభుత్వం నీకు రైలు ఇచ్చింది, తపాలా ఇచ్చింది, శాంతిభద్రతలు ఇచ్చింది అని పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడికి, ఆ రైలుకు, ఆ తపాలాకు ఉప్పురాయి ద్వారా నువ్వు కూడా చెల్లించావు అని చెప్పే స్వేచ్ఛ లేదు. ఆ రెండో పాఠం చెప్పడానికి 1930 దాకా ఆగవలసి వచ్చింది, బడి వెలుపల దండి సముద్రతీరాన చెప్పవలసి వచ్చింది. గాంధీజీ ఉప్పును ఎన్నుకోవడంలోని మర్మం రాజకీయవేత్తలకు వెంటనే అంతుపట్టలేదు. పల్లెటూరి పిల్లలకు అంతుపట్టింది. నా సబ్బుబిళ్ల పాఠం ఆ ఉప్పు పాఠానికి చాలా చిన్న అనుకరణ అని ఒప్పుకోవాలి. (నేడు ఉప్పు మీద వస్తు సేవల పన్ను లేదు.)

స్వాతంత్ర్యానికి పూర్వమే ఈ విభజనను తొలగించడానికి ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసమావేశం, ఆ తరువాత జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదిక, ఏడేళ్ల నిర్బంధ విద్య మాతృభాషలో, ఒక చేతిపని కేంద్రంగా సాగాలని ప్రతిపాదించాయి. నూలు వడికే పిల్లవాడికి పత్తి ధర, శ్రమ విలువ, నేతగాడి కష్టం చేతితోనే తెలుస్తాయి. అర్థశాస్త్రానికి ఇంతకన్నా సహజమైన ప్రవేశం ఊహించలేం. అయితే పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతోనే బడి ఖర్చు వెళ్లదీయాలన్న గాంధీజీ కోరిక మాత్రం చాలామందికి మింగుడుపడలేదు. ఆర్థిక లక్ష్యం ముదిరి విద్యాలక్ష్యాన్ని కబళించే ప్రమాదం ఉన్నదని జాకిర్ హుస్సేన్ కమిటీయే హెచ్చరించింది. ఆ హెచ్చరిక సమంజసమైనదే. పిల్లవాడికి డబ్బు విలువ నేర్పడం వేరు, పిల్లవాడి చేత డబ్బు సంపాదింపజేయడం వేరు. ఏది ఏమైనా తరువాతి కాలంలో బేసిక్ విద్య చాలా చోట్ల తకిలీ తిప్పే పీరియడుగా మిగిలి, ఆ పైన అదీ పోయింది. స్వతంత్ర భారతంలో చాలాకాలం నడిచిన పౌరశాస్త్ర పుస్తకాలలో ప్రభువు మారాడు. గ్రామం, జిల్లా, రాష్ట్రం, దేశం అనే క్రమం, 'ఇచ్చు' అనే క్రియ అట్లాగే నిలిచాయి.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ సంగతిని గుర్తించింది. పౌరశాస్త్రం అనే పేరులోనే వలసపాలన నాటి విధేయతాబోధ ఉన్నదని భావించి, దాని స్థానంలో రాజకీయశాస్త్రాన్ని ప్రవేశపెట్టాలని సూచించింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆ తరువాత ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 'సామాజిక, రాజకీయ జీవనం' అనే పేరుతో ప్రచురించిన పుస్తకాలు వివక్ష, కూలి, అంగడి, ఆసుపత్రి వంటి విషయాలను చర్చకు పెట్టాయి. మెచ్చుకోదగ్గ మార్పు. ఆరో తరగతికి దిగువన మాత్రం ఈ విషయాలు పరిసరాల విజ్ఞానంలో ఒక పాఠంగానో, ఒక అభ్యాసంగానో కలిసిపోతాయి. అందువల్ల అసలు భారం ఉపాధ్యాయుడి మీదనే పడుతుంది.

ఇక అభ్యంతరాల సంగతి. ఎనిమిదేళ్ల పిల్లవాడి ఆలోచన కంటికి కనిపించే వస్తువులను దాటి పోలేదన్న మాట కొంతవరకు నిజమే. మా అమ్మాయికి అయిదేళ్లప్పుడు, అంగడివాడు మనకు డబ్బులిస్తాడని గట్టి నమ్మకం ఉండేది. మనం ఒక కాగితం ఇస్తే అతను సరుకూ ఇచ్చి, పైగా నాలుగు నాణేలూ ఇస్తున్నాడు కదా! చిల్లర అనేది ఏమిటో తెలియడానికి ఏడాది పట్టింది. అటువంటి వయస్సులో ద్రవ్యలోటు గురించి చెప్పడం హాస్యాస్పదం. అయితే అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో వెలువరించిన 'ద ప్రాసెస్ ఆఫ్ ఎడ్యుకేషన్' గ్రంథంలో, ఏ విషయాన్నైనా ఏ వయస్సు వారికైనా నిజాయితీ చెడకుండా ఏదో ఒక రూపంలో బోధించవచ్చునని వాదించాడు. ఆ వాదాన్ని ఉటంకించేవారు తరచు 'ఏ వయస్సు వారికైనా' అన్నదాన్ని ఒత్తి పలుకుతారు. నిజాయితీ అన్న షరతును ఒత్తి పలకాలని నా మనవి.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. పసిమనస్సు మీద లోకంలోని అన్యాయాన్ని మోపవచ్చునా? ఇంట్లో అప్పు ఉన్నదని, నాయనకు కూలి అందలేదని తెలిసిన పిల్లవాడికి తరగతిలో కాసేపైనా దాన్ని మరచిపోయే అవకాశం ఇవ్వవద్దా? నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయురాలి తరగతిలో జరిగింది చెబుతాను. మూడో తరగతి పిల్లల చేత ఆమె అంగడి ఆట ఆడించింది. కాగితపు నోట్లు తలా యాభై రూపాయలకు పంచింది. ఒకడు అంగడివాడు, మిగతావారు కొనేవారు. కూడికలు, తీసివేతలు చక్కగా సాగుతున్నాయి. ఒక పిల్ల వంతు వచ్చింది. నూనె, చింతపండు తీసుకుని, చేతిలోని నోట్లను అట్లాగే పట్టుకుని, "ఖాతాలో రాసుకో అన్నా, కూలి పడినాక ఇస్తా" అన్నది. తరగతి గొల్లుమంది. ఆ పిల్లకు తానేం తప్పు చేసిందో అర్థం కాలేదు. వాళ్లమ్మ అంగట్లో ఎట్లా కొంటుందో అట్లాగే కొన్నది.

ఆ ఉపాధ్యాయురాలికి కాసేపు ఏం చేయాలో తోచలేదట. ఆ పిల్లను మందలించి నోటు ఇప్పించి ఉంటే ఆట సజావుగా ముగిసేది. ఆ పిల్లకు తన ఇల్లు లెక్కకు రాని ఇల్లన్న సంగతి స్థిరపడేది. ఆమె నవ్వుతున్నవారి వైపు తిరిగి, "మీలో ఖాతా లేనిది ఎవరింటికి?" అని అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. నవ్వు ఆగింది. అప్పుడు ఆ పిల్లనే పిలిచి, ఖాతాలో తెస్తే నూనె ధర ఎంత, చేతిలో డబ్బు పెట్టి తెస్తే ఎంత అని అడిగింది. ఖాతాకైతే ప్యాకెట్టుకు రెండు రూపాయలు ఎక్కువ అని ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. వడ్డీ అనే మాట పాఠ్యపుస్తకంలో ఇంకా చాలా పుటల తరువాత గాని రాదు. వడ్డీ అనే వస్తువు ఆ పిల్లకు అప్పటికే కంఠస్థం.

ఆ ఉపాధ్యాయురాలు చేసింది ఒప్పేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. చెయ్యి ఎత్తమని అడగడంలో ప్రమాదం ఉంది. ఖాతా లేని ఇల్లు ఒకటి ఉండి, ఆ పిల్లవాడు గర్వంగా చెయ్యి ఎత్తి ఉంటే పరిస్థితి మరోలా ఉండేది. ఇంటి గుట్టు బడిలో విప్పించే హక్కు ఎవరికీ లేదు, సత్యబోధ పేరిట కూడా లేదు. కాని ఆ గుట్టు ఆ పిల్ల తనంతట తానే విప్పింది. అది గుట్టని ఆమెకు తెలియదు. నవ్విన తరువాతే తెలిసింది. అన్యాయాన్ని పసిమనస్సు మీద మోపుతున్నామని మనం భయపడతాం. చాలామంది పిల్లలు దాన్ని అప్పటికే మోస్తున్నారు. దానికి ఒక పేరు, ఒక లెక్క, ఇది నా ఒక్కదాని సంగతి కాదన్న తెలివిడి ఇస్తే ఆ బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుందనే నా నమ్మకం. నమ్మకమని మాత్రమే అంటున్నాను.

పొదుపు పాఠానికి కూడా ఇదే చిక్కు. వెనుకటికి 'సంచయిక' పేరుతో బడులలో పొదుపు పథకం ఉండేది. పిల్లలే జమలు రాసుకుని, పిల్లలే లెక్కలు చూసేవారు. మంచి పథకమే, నేను కూడా అందులో అర్ధరూపాయలు వేసినవాడినే. పొదుపు చేసినవాడు బాగుపడతాడన్న పాఠం వింటూ, పొదుపు చేయలేని ఇంటి పిల్లవాడు, తన తండ్రి దుబారా మనిషి కాబోలు అని అనుకునే ప్రమాదాన్ని మాత్రం అప్పటి మా పెద్దలెవరూ తలచినట్లు లేదు.

మూడో అభ్యంతరం మా వర్గానిదే, అంటే అధికారులది. హక్కులు నేర్పితే అడగడం వస్తుంది గాని చేయడం రాదు, ముందు విధులు నేర్పండి అంటారు. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు 1976లో 42వ సవరణ ద్వారా చేరాయి. 2002లో 86వ సవరణ, విద్యను హక్కుగా చేసిన చేతితోనే, పిల్లలకు చదువు చెప్పించే విధిని తల్లిదండ్రులకు చేర్చింది. హక్కూ విధీ ఒకే సవరణలో పుట్టిన ఈ ఉదాహరణను మా మిత్రులు గమనించాలి. పన్ను కడుతున్నానని తెలిసినవాడికే పన్ను ఎగవేయడం తప్పని చెప్పగలం. నాకు ఉచితంగా వచ్చిందని నమ్మినవాడికి బడి కుర్చీని విరగ్గొట్టకూడదని ఎట్లా నచ్చజెబుతాం?

ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకం వస్తున్నది. దేశమంతటా బడిపిల్లలు నిత్యం చెప్పే జాతీయ ప్రతిజ్ఞను మొదట తెలుగులో రచించినది నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో ఆ రచన చేసేనాటికి ఆయన విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారి. పగలంతా ప్రభుత్వ ధనం జమాఖర్చులు చూసే మనిషి, పిల్లల కోసం రాయవలసి వచ్చినప్పుడు జమాఖర్చుల ఊసెత్తక సోదరభావం గురించి, పెద్దల పట్ల గౌరవం గురించి, దేశం పట్ల సేవానిరతి గురించి రాశారు. ప్రతిజ్ఞకు అదే ధర్మం. తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఖజానా కిటికీ దగ్గర ఆయన రోజూ చూసిన దృశ్యాలను పిల్లలకు ఒక పాఠంగా కూడా రాసి ఉంటే ఎంత బాగుండేదో అని ఆశపడుతున్నాను, అంతే.

అటువంటి పాఠం అసాధ్యమేమీ కాదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో పగలు పశువులు కాసే పిల్లల కోసం నడిపిన రాత్రిబడులలో, 1990లలోనే పిల్లలు తమలో తాము ఎన్నికలు జరుపుకుని పార్లమెంటు ఏర్పరచుకున్నారు. ఉపాధ్యాయుడు వేళకు వస్తున్నాడా, దీపం వెలుగుతున్నదా, తాగునీరు ఉన్నదా అన్నవి ఆ సభ చూసే విషయాలు. కర్ణాటకలో గ్రామ పంచాయతీలు 'మక్కళ గ్రామసభ' పేరిట పిల్లల సభలు నిర్వహించే ఏర్పాటు ఉంది. వీటిలో కొన్ని మొక్కుబడిగా సాగుతాయనడంలో సందేహం లేదు. పెద్దల గ్రామసభలు మాత్రం అన్నీ మొక్కుబడిగా సాగనివా?

మన దగ్గర ఇంకా సహజంగా, ఎవరూ ఏర్పాటు చేయకుండానే ఒక పాఠం జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ తరువాతి సంవత్సరాలలో సామాజిక తనిఖీలు మొదలై, ఎవరు ఎన్నిరోజులు పనిచేశారు, ఎంత కూలి అందింది అన్నది ఊరందరి ఎదుట పైకి చదివే పద్ధతి వచ్చింది. అటువంటి ఒక సభలో నేను కూర్చుని ఉండగా, చదువురాని ఒక తల్లి పక్కన అయిదో తరగతి కూతురు జాబ్‌కార్డు పట్టుకుని కూర్చున్నది. పైనుంచి పేర్లు, దినాలు చదువుతున్నప్పుడు ఆ పిల్ల వేలు వరుస వెంట కదులుతున్నది. ఒకచోట ఆగి తల్లి చెవిలో ఏదో చెప్పింది. తల్లి లేచి, తనకు ఆరు దినాలు తక్కువ రాశారన్నది. చదవడం, కూడిక, కూలి, చట్టం, సభ అన్నీ ఆ వేలికొన దగ్గర కలిశాయి. ఆ సాయంత్రం ఆ పిల్ల నేర్చుకున్నదాన్ని ఏ శాస్త్రం కింద చేర్చాలో నాకు తెలియదు.

మళ్లీ ఆ బడిగోడ దగ్గరకు వస్తాను. ఆ పిల్లవాడికి నేను సూటిగా జవాబు చెప్పకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. ఆ గోడ అంచనా కాగితాలు నాలుగు నెలలుగా నా బల్ల మీదనే ఉన్నాయి. ఇంకా ముఖ్యమైన పనులు ఉన్నాయనుకుని పక్కన పెట్టాను. తిరిగి వచ్చిన మర్నాడు సంతకం చేసి పంపాను. ఆ పైన ఒక ప్రశ్నతో తిరిగివచ్చి, మళ్లీ వెళ్లి, నిధులు మంజూరై, పని మొదలయ్యేసరికి కరోనా లాక్‌డౌన్ వచ్చింది. గోడ 2020 చివరకు గాని పూర్తికాలేదు. అప్పటికి ఆ పిల్లవాడు అయిదో తరగతి ముగించి పొరుగూరి ఉన్నత పాఠశాలలో చేరాడు.

బడులు మళ్లీ తెరిచిన తరువాత ఆ ఉపాధ్యాయుడు ఫోను చేశారు. పని వివరాల బోర్డు మీద రాసిన కొలతలను, మొత్తాన్ని పిల్లలు పలకల మీద ఎక్కించుకుని, గోడను మూరలతో కొలిచారట. బోర్డు మీద ఉన్నదానికన్నా రెండు మూరలు తక్కువ వచ్చిందట. మూరలతో కొలిస్తే అంతమాత్రం తేడా రావడం సహజమేనని ఇంజనీరు చెప్పారట. అయితే టేపుతో కొలవండి అని పిల్లలు అంటున్నారని, ఏం చేయమంటారని ఆయన నన్ను అడిగారు. ఎవరి మూరతో కొలిచారని అడిగాను. నాలుగో తరగతి పిల్లల్లో అందరికన్నా పొడుగు చేతులున్న అమ్మాయి మూరతో అన్నారు. టేపు పంపించాను.